రాసేది సరే... చదివేదెవరు?

అమెరికా కాలేజీల్లో రాయడం నేర్పే తరగతిని కంప్యూటరు ఎన్ని మలుపులు తిప్పిందో, అందులో మనకు పనికొచ్చేదేమిటో...

ఇంజనీరు కావాలనుకునే కుర్రాడైనా, నర్సింగ్ చదవాలనుకునే అమ్మాయైనా అమెరికాలో డిగ్రీలో చేరితే మొదటి ఏడాదిలో దాదాపు తప్పని కోర్సు ఒకటుంది. ఫస్ట్ ఇయర్ కంపోజిషన్ అంటారు. గ్రామరు పుస్తకం బట్టీ పట్టడం కాదు, నవల సారాంశం అప్పజెప్పడం కాదు. రాయాలి. ఒక విషయం ఎంచుకుని, దాని గురించి చదివి, తన వాదనేమిటో తేల్చుకుని, చిత్తుప్రతి రాసి టీచరుకు చూపించాలి. ఆయన చెప్పింది విని మళ్లీ రాయాలి. అప్పటికీ కుదరకపోతే మరోసారి. హార్వర్డ్ ఈ కోర్సును 1885లో మొదటి ఏడాది విద్యార్థులకు పెట్టింది. ఆడమ్స్ షెర్మన్ హిల్ అనే ఆచార్యుడు దానికి రూపం ఇచ్చారు. మిగతా కాలేజీలు అదే దారి పట్టాయి.

మన డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల్లో దీనికి సాటి వచ్చేది లేదు. మన దగ్గర రాయడమంటే పరీక్ష హాల్లో మూడు గంటలు. అంతకుముందు ఇంట్లో కూర్చుని రాసుకున్నది ఎవరూ చూడరు. హాల్లో రాసింది దిద్దిన తర్వాత మామూలుగా మళ్లీ మన చేతికి రాదు. మార్కు వస్తుంది, అంతే. ఎక్కడ బాగా రాశామో, ఎక్కడ తడబడ్డామో చెప్పే మనిషి ఆ దారిలో ఎక్కడా ఎదురుపడడు.

అక్కడి పద్ధతిలో నేర్పాలంటే చదివేవాళ్లు కావాలి. ప్రతి చిత్తుప్రతినీ ఒక మనిషి నిదానంగా చదవాలి. 'ఈ పేరాలో నువ్వు అన్న మాటకు, పై పేరాలో అన్నదానికి పొసగడం లేదు, చూసుకో' అని పక్కన రాయాలి. కాలేజీ కంపోజిషన్ టీచర్ల జాతీయ సంఘం లెక్క ప్రకారం రాయడం నేర్పే తరగతిలో 20 మందిని మించకూడదు, 15 మంది అయితే ఇంకా మేలు. ఒక టర్ములో ఒక టీచరు కింద అలాంటి విద్యార్థులు 60 మందిని దాటకూడదు. చాలా కాలేజీలు ఈ లెక్కను పక్కన పెట్టేస్తాయి. పైగా ఈ కోర్సు బరువు ఎక్కువగా మోసేది పర్మినెంటు ప్రొఫెసర్లు కాదు. పీహెచ్‌డీ చేస్తూ పాఠం చెప్పే విద్యార్థులు, కోర్సుకింత అని తీసుకుని పనిచేసే తాత్కాలిక అధ్యాపకులు. చదివే మనిషి ఖరీదైనవాడు, అతని ఖర్చు తగ్గించుకోవాలని యాజమాన్యాలకు ఎప్పుడూ ఉంటుంది.

ఈ తరగతిలోకి కంప్యూటరు వచ్చిన కథను సాధారణంగా యంత్రాల కథగా చెబుతారు. ఏ ఏడాది ఏ మెషీను, ఏ ప్రోగ్రాము అని. నాకు మాత్రం అది మొదటినుంచీ ఆ చదివే మనిషి కథగానే కనిపిస్తుంది. విద్యార్థికి ఎదురుగా ఒక పాఠకుణ్ని నిలబెట్టిన చోటల్లా కంప్యూటరు మేలు చేసింది. పాఠకుణ్ని తప్పించడానికి తెచ్చిన చోటల్లా చదువు పలచబడింది.

పంచ్‌కార్డుల మీద వ్యాసాలు

1966 జనవరిలో 'ఫై డెల్టా కప్పన్' అనే విద్యా పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రాసినాయన కనెటికట్ యూనివర్సిటీకి చెందిన ఎల్లిస్ పేజ్. అంతకుముందు హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పిన మనిషి. కట్టలకొద్దీ పేపర్లు ఇంటికి మోసుకెళ్లి శనాదివారాలు దిద్దడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. విద్యార్థుల వ్యాసాలకు కంప్యూటరు మార్కులు వేసే రోజు దగ్గర్లోనే ఉందన్నది ఆ వ్యాసంలో ఆయన చెప్పిన మాట.

ఆనాటి కంప్యూటరుకు వ్యాసం అందాలంటే దాన్ని మొదట పంచ్‌కార్డుల మీదికి ఎక్కించాలి. ఎక్కించినా యంత్రానికి అందులో ఒక్క ముక్క అర్థం కాదు. అది చేసేది కొలతలు తీయడం. వ్యాసం ఎంత పొడవుంది, మాటల సగటు పొడవెంత, కామాలెన్ని పడ్డాయి... బాగా రాసేవాళ్ల రాతలో సాధారణంగా కనిపించే పైపై గుర్తులివి. మనుషులు మార్కులు వేసిన వ్యాసాల్లో ఈ గుర్తుల్ని కొలిచి పెట్టుకుని, వాటి ఆధారంగా కొత్త వ్యాసానికి ఎంత పడొచ్చో లెక్కగట్టేవారు. ఫలితం తీసిపారేయదగ్గది కాదు. ఒకే పేపరుకు ఇద్దరు టీచర్లు వేసే మార్కులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయో, యంత్రం వేసింది కూడా ఇంచుమించు అంత దగ్గరగా వచ్చింది.

మార్కు సరిగ్గా పడింది కదా, ఇంకేం కావాలి అనొచ్చు. రాసినవాడి వైపు నిలబడి చూస్తే తేడా తెలుస్తుంది. తను ఆలోచించి రాసిన మాటల్ని ఎవరూ చదవలేదు, తూకం మాత్రం వేశారు.

కాస్త తర్వాత న్యూయార్క్‌లో దీనికి పూర్తిగా ఎదురైన పని ఒకటి జరిగింది. సిటీ యూనివర్సిటీ 1970లో తలుపులు బార్లా తెరిచింది. హైస్కూలు పాసైన నగరవాసులందరికీ చోటిస్తామంది. అంతకుముందు కాలేజీ గడప తొక్కే వీల్లేని పేద కుటుంబాల పిల్లలు, నల్లజాతి పిల్లలు, ప్యూర్టోరికో నుంచి వచ్చినవాళ్లు తరగతుల్లోకి వచ్చారు. వాళ్లలో చాలామంది రాతలో అడుగడుగునా తప్పులుండేవి. కొందరు ప్రొఫెసర్లు ఆశ వదిలేసుకున్నారు. మీనా షానెసీ అనే టీచరు మాత్రం ఆ పిల్లలు చేరేటప్పుడు, ఏ తరగతిలో వేయాలో తేల్చే పరీక్షలో రాసిన దాదాపు 4,000 వ్యాసాలను ముందేసుకుని చదివారు. ఆ తప్పులు ఇష్టం వచ్చినట్టు పడినవి కావని, ఒక్కో విద్యార్థి తప్పుల వెనక ఒక తర్కం ఉందని, అతను ఏదో ఒక నియమాన్ని తనకు తెలిసినంతలో పాటిస్తూనే దారి తప్పుతున్నాడని ఆమె చూపించారు. 1977లో వచ్చిన ఆమె పుస్తకం ఆ వృత్తి తీరునే మార్చింది. ఏ కొలతల యంత్రానికీ అందనిది ఇదే.

అదే దశాబ్దంలో ఇంకో మలుపు వచ్చింది. జానెట్ ఎమిగ్ 1971లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు రాసేటప్పుడు పక్కన కూర్చుని, వాళ్లు ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ కొట్టేస్తున్నారో పరిశీలించారు. పూర్తయిన వ్యాసాన్ని కాదు, రాసే క్రమాన్ని నేర్పాలని 1972లో డొనాల్డ్ మర్రే అన్నారు. నాన్సీ సోమర్స్ 1980లో తిరగరాయడం మీద చేసిన అధ్యయనం నా దృష్టిలో వీటన్నిటికన్నా పదునైనది. తిరగరాయమంటే కొత్తగా రాస్తున్న విద్యార్థి మాటలు మారుస్తాడు. చేయి తిరిగినవాడు తన వాదనకు ఆకారం ఏమిటా అని వెతుకుతాడు, అవసరమైతే సగం కాగితం తీసేస్తాడు.

మరి సగం కాగితం తీసేస్తే మిగతాదంతా మళ్లీ టైపు కొట్టాలి. టైపురైటరు కాలంలో ఒక పేరా పైకి జరపాలన్నా పేజీలు పేజీలు కొత్తగా కొట్టాల్సిందే. బద్ధకం కాదది, చేతుల నొప్పి. సరిగ్గా అప్పుడే వర్డ్ ప్రాసెసర్లు బల్లల మీదికి వచ్చాయి.

తెరమీదికి వచ్చిన చిత్తుప్రతి

వర్డ్ ప్రాసెసర్లు తరగతుల్లోకి రావడానికి కాస్త ముందే, 1979లో, టెక్సస్ యూనివర్సిటీలో హ్యూ బర్న్స్ తన పీహెచ్‌డీ కోసం ఒక ప్రోగ్రాము రాశారు. దాని పని తప్పులు పట్టడం కాదు, విద్యార్థిని ప్రశ్నలడగడం. అతను తన విషయం ఏమిటో టైపు చేస్తే, ప్రోగ్రాము ఆ పేరును తన ప్రశ్నల్లో ఇరికించి ఒకటొకటిగా వేసేది. దీని ఫలితాలేమిటి? దీన్ని కాదనేవాళ్లు ఏమంటారు? ఇలాంటివి. వాదన ఎలా వెతుక్కోవాలో అరిస్టాటిల్ చెప్పిన పద్ధతుల నుంచి తీసిన ప్రశ్నలివి. విద్యార్థి ఏం జవాబిచ్చాడో దానికి తెలియదు. అయినా అడుగుతూ ఉంటే అతనికి తెలియకుండానే తన దగ్గర చెప్పడానికి ఏముందో బయటికొచ్చేది. చివర్లో ఆ సంభాషణంతా కాగితం మీద అచ్చేసి చేతికిచ్చేది. అర్థం కాని యంత్రం నుంచి కూడా మంచి పని రాబట్టవచ్చని, దానికి నేర్పేవాడి బుర్ర కావాలని ఈ చిన్న ప్రోగ్రాము చెబుతుంది. దాన్ని తయారుచేసినవాడు సాహిత్యం, వాక్కళ చదివినవాడు.

మరోవైపు బెల్ ల్యాబ్స్ పరిశోధకులు తమ సంస్థలో పత్రాలు రాసేవాళ్ల కోసం రైటర్స్ వర్క్‌బెంచ్ తయారుచేశారు. 1980ల మొదట్లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ ఇంగ్లిష్ విభాగం దాన్ని తరగతిలోకి తెచ్చింది. విద్యార్థి వ్యాసం టైపు చేస్తే వాక్యాల సగటు పొడవు, కర్మణి ప్రయోగాల శాతం, అరిగిపోయిన పదబంధాల జాబితా అచ్చయి వచ్చేవి. అక్కడి టీచరు కేథలీన్ కీఫర్, మిషిగన్ టెక్‌లో పనిచేసే సింథియా సెల్ఫ్ కలిసి 1983లో 'కంప్యూటర్స్ అండ్ కంపోజిషన్' అనే చిన్న పత్రిక మొదలుపెట్టారు. దేశంలో అక్కడక్కడా ఒంటరిగా యంత్రాలతో కుస్తీ పడుతున్న ఇంగ్లిష్ టీచర్లు ఒకరి అనుభవం ఒకరు తెలుసుకున్నది అందులోనే. అది ఇవాళ్టికీ నడుస్తోంది. డ్రెక్సెల్ యూనివర్సిటీ మొదటి ఏడాది విద్యార్థులందరికీ సొంత కంప్యూటరు ఉండి తీరాలన్నదీ ఆ 1983లోనే.

అందరి ఆశా ఒక్కటే. టైపు కొట్టే బాధ తప్పింది కాబట్టి పిల్లలు ఇక మనసు పెట్టి తిరగరాస్తారని. తిరగరాశారు కూడా. కానీ గెయిల్ హావిషర్ లాంటివాళ్లు చిత్తుప్రతుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, కంప్యూటరు ఉన్నంత మాత్రాన విద్యార్థులు ఎక్కువగానో లోతుగానో మార్చడం కనిపించలేదు. మార్పులు చాలావరకు పైపైనే ఉన్నాయి. ఇక్కడో మాట, అక్కడో కామా. సోమర్స్ చెప్పిన ఆకారం వెతుక్కునే పని అలాగే మిగిలిపోయింది. కార్నెగీ మెలన్‌లో క్రిస్టినా హాస్ ఇంకో సంగతి గమనించారు. కంప్యూటరు మీద రాసేవాళ్లు మొదలుపెట్టే ముందు ఆలోచించుకోవడం తగ్గింది. పైగా తెరమీద ఒక్కసారి కనిపించేది కొన్ని వరుసలే కనుక తాము రాసినదాని మొత్తం స్వరూపం వాళ్లకు పట్టుబడేది కాదు. అందుకే చాలామంది ప్రింటు తీసుకుని, కాగితాలు బల్లమీద పరుచుకుని చదివేవారు. పెద్ద వ్యాసం పని పట్టిన ఎవరికైనా ఇది ఇప్పటికీ అనుభవంలోకి వచ్చేదే.

యంత్రం మీద నెపం వేసే తొందరా ఆ రోజుల్లోనే మొదలైంది. 1990లో డెలవేర్ యూనివర్సిటీకి చెందిన మార్షియా హాలియో, మెకింటాష్ మీద రాసే విద్యార్థులు ఐబీఎం మీద రాసేవాళ్లకన్నా తేలిక విషయాలు ఎంచుకుని చిన్నపిల్లల వాక్యాలు రాస్తున్నారని ప్రకటిస్తే పెద్ద దుమారం రేగింది. పోలికే సరిగ్గా లేదని తోటి పరిశోధకులు విరుచుకుపడ్డారు. అందులో నిలబడే శాస్త్రం పెద్దగా లేదు.

గాలడెట్‌లో ఒక గది

ఈ మొత్తం చరిత్రలో నన్ను పట్టి ఆపేసింది వాషింగ్టన్‌లోని గాలడెట్ యూనివర్సిటీ. వినికిడి లేని విద్యార్థుల కోసం నడిచే కాలేజీ అది. అక్కడి చాలామందికి మాట్లాడుకునే భాష అమెరికన్ సైగల భాష. దానికి దాని వ్యాకరణం, దాని అందం ఉన్నాయి. ఇంగ్లిష్ వాళ్లకు వేరే భాష. పైగా చెవిన పడని భాష. హాస్టల్లో జోకు వేసుకోవడం, స్నేహితుడితో పోట్లాడటం, నచ్చినవాళ్లను పొగడటం, ఇవన్నీ సైగల్లోనే. ఇంగ్లిష్ అంటే స్కూల్లో ఖాళీలు పూరించడం, టీచరు ఎర్ర ఇంకు. దానిలో బతికే అవకాశం అరుదుగా దొరికేది.

1985లో అక్కడి ఇంగ్లిష్ ఆచార్యుడు ట్రెంట్ బ్యాట్సన్ ఒక గదిలోని కంప్యూటర్లను ఒకదానికొకటి కలిపారు. ప్రతి తెరా రెండు భాగాలు. కింది భాగంలో విద్యార్థి తన మాట టైపు చేసుకుంటాడు, చూసుకుని దిద్దుకుంటాడు. మీట నొక్కగానే అది అతని పేరుతో సహా అందరి తెరల పైభాగంలో కనిపిస్తుంది. దాని కింద ఇంకొకరి జవాబు. ఆ కింద టీచరు మాట, అదీ మిగతావాటిలాగే ఒక వరుసగా. ఇవాళ వాట్సాప్ గ్రూపు చూసేవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు. ఆ గదిలో కూర్చున్న చాలామందికి మాత్రం తరగతిలో ఇలాంటిది మొదటిసారి. ఇంగ్లిష్‌లో ఒకరు అడిగితే ఇంకొకరు అక్కడికక్కడే జవాబిస్తున్నారు, ఎదిరిస్తున్నారు, నవ్విస్తున్నారు. తప్పు రాస్తే మార్కు పోవడం కాదు, ఎదుటివాడు 'నువ్వనేది నాకు అర్థం కాలేదు' అంటాడు. అప్పుడు మళ్లీ చెప్పాలి, ఇంకాస్త తేటగా. రాయడం నేర్చుకోవడానికి ఇంతకన్నా బలమైన కారణం ఏ సిలబస్సూ ఇవ్వలేదు.

ఈ పద్ధతికి ఎన్ఫీ అని పేరు. బాగా వినగలిగే విద్యార్థుల కాలేజీలు కూడా దీన్ని అందుకున్నాయి. టెక్సస్ యూనివర్సిటీలో దేడలస్ అనే ప్రోగ్రాము ఇదే తోవలో పుట్టింది. అక్కడ పాఠం చెప్పిన లెస్టర్ ఫేగ్లీ ఒక సంగతి రాశారు. మామూలు తరగతిలో నోరు విప్పని విద్యార్థులు తెరమీద చర్చ పెడితే ధారాళంగా రాశారు. మాటల్లో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లదే పైచేయి, రాతలో అందరికీ ఒకే వరుస. టీచరు ప్రశ్న వేస్తే ఒక్కరు జవాబు చెప్పి మిగతావాళ్లు బుద్ధిమంతుల్లా కూర్చునే పద్ధతి అక్కడ చెల్లలేదు.

అంతా సవ్యంగా సాగిందని అనలేం. మార్షల్ క్రెమర్స్ అనే టీచరు తరగతిలో పిల్లలు చర్చను హైజాక్ చేసి కారుకూతలతో నింపేశారు. ఆయన ఆ సంగతి దాచుకోకుండా 1988లో ఒక వ్యాసమే రాశారు. హార్వర్డ్ హిల్ గారికి ఎన్ఫీ ఎదురైందన్నది దాని శీర్షిక. తన అధికారాన్ని ఎంతవరకు వదులుకోవాలి, ఎక్కడ నిలబెట్టుకోవాలి అని ఆయన వేసుకున్న ప్రశ్న ఇవాళ ఆన్‌లైన్ క్లాసు నడిపే ప్రతి మాస్టారికీ వర్తిస్తుంది. మారుపేర్లతో పెట్టిన చర్చ గాడి తప్పిన సందర్భాన్ని ఫేగ్లీ కూడా రాశారు. పాఠకుడు ఎదుట ఉంటే సరిపోదు, ఆ పాఠకుడికి మర్యాద ఇవ్వడం కూడా నేర్పాల్సిందే.

సింథియా సెల్ఫ్ ఈ ఉత్సాహం మధ్యలో నిలబడి ఇంకో హెచ్చరిక చేశారు. కంప్యూటర్ల గదులు ఎవరి కాలేజీల్లో ఉన్నాయి, ఎవరి కాలేజీల్లో లేవు అన్నది చూడకుండా సాంకేతికతను పొగుడుతూ కూర్చుంటే పేదల పిల్లలు, నల్లజాతి పిల్లలు ఇంకా వెనకబడతారని. విద్యలో కంప్యూటర్ల వాడకానికి ఇచ్చే ఎడ్యుకామ్ పతకం 1996లో ఆమెకు వచ్చింది. అప్పటివరకు ఏ మహిళకూ, ఏ ఇంగ్లిష్ టీచరుకూ అది దక్కలేదు.

162 నుంచి 1,038 దాకా

కంప్యూటర్లొచ్చి పిల్లల రాత చెడింది అనే మాట అమెరికాలోనూ వినిపిస్తుంది, మన స్టాఫ్ రూముల్లోనూ వినిపిస్తుంది. దీనికి లెక్కలతో జవాబు ఉంది. ఆండ్రియా లన్స్‌ఫోర్డ్, రాబర్ట్ కానర్స్ 1980లలో దేశం నలుమూలల నుంచి కాలేజీ వ్యాసాలు తెప్పించి తప్పులు లెక్కపెట్టారు. ఇరవై ఏళ్లకు లన్స్‌ఫోర్డ్ మరో లన్స్‌ఫోర్డ్‌తో, కేరెన్‌తో, కలిసి అదే పని మళ్లీ చేసి 2008లో ప్రచురించారు. పాత అధ్యయనాలతో పోల్చారు. 1917లో వంద మాటలకు సగటున 2.11 తప్పులు. 1986లో 2.26. 2006లో 2.45. టైపురైటరు పోయి కంప్యూటరు, ఇంటర్నెట్, సెల్‌ఫోను వచ్చినా తప్పుల రేటు దాదాపు ఉన్నచోటే ఉంది.

మారింది వేరే. 1917లో సగటు విద్యార్థి వ్యాసం 162 మాటలు. 1986 నాటికి 422. 2006లో 1,038. రెండున్నర రెట్లు పెరగడానికి ఇరవై ఏళ్లే పట్టింది. విషయమూ మారింది. 1986లో ఎక్కువగా సొంత అనుభవాలు రాసేవారు, 2006 నాటికి ఎక్కువగా ఆధారాలు చూపి వాదిస్తున్నారు. తప్పుల రకమూ మారింది. 1986లో స్పెల్లింగు తప్పులు ఎంత ఎక్కువంటే వాటిని విడిగా తీసి లెక్కపెట్టాల్సి వచ్చింది. 2006లో మొదటి స్థానం 'వేరే మాట పడటం' అనే తప్పుకు వచ్చింది. దీనిలో స్పెల్‌చెకర్ పాత్ర ఉంది. విద్యార్థి 'డెఫినిట్‌లీ' అని రాయబోయి అక్షరాలు తారుమారు చేస్తే, అది 'డిఫయంట్‌లీ' సూచిస్తుంది. అతను నొక్కేస్తాడు. 'తప్పకుండా వస్తాను' కాస్తా 'ధిక్కరిస్తూ వస్తాను' అవుతుంది. స్పెల్లింగు మాత్రం సరిగ్గానే ఉంటుంది. చదివే మనిషే దీన్ని పట్టుకోగలడు.

వ్యాసం రెండున్నర రెట్లు పొడవైందంటే టీచరు చదవాల్సిందీ అంత పెరిగింది. చదివే మనుషుల్ని మాత్రం అంత పెంచలేదు. ఆ సందులోంచే ఎల్లిస్ పేజ్ యంత్రం కొత్త పేర్లతో తిరిగొచ్చింది. 1999 నుంచి జీమ్యాట్ పరీక్ష వ్యాసాలకు ఒక మార్కు మనిషి, ఒక మార్కు ఇ-రేటర్ అనే ప్రోగ్రాము వేయడం మొదలైంది. 2004లో కంపోజిషన్ టీచర్ల సంఘం యంత్రంతో రాతను అంచనా కట్టడాన్ని వ్యతిరేకిస్తున్నామని తీర్మానించింది. ఎంఐటీలో రాయడం నేర్పిన లెస్ పెరెల్‌మన్ అక్కడితో ఆగలేదు. 2014లో విద్యార్థుల సాయంతో బేబెల్ అనే ప్రోగ్రాము చేయించారు. దానికి మూడు మాటల దాకా ఇస్తే చాలు, బరువైన మాటలతో, పొడవాటి వాక్యాలతో ఒక్క ముక్క అర్థం లేని వ్యాసం క్షణంలో తయారవుతుంది. 'ప్రైవసీ' అన్న మాటిచ్చి వచ్చిన వ్యాసాన్ని మార్కులు వేసే ఒక యంత్రానికి పంపితే 6కి 5.4 వేసింది. రాసినదానికీ అర్థం తెలియదు, మార్కు వేసినదానికీ తెలియదు.

అనుమానమే పనిగా

ఇంటర్నెట్ వచ్చాక కాపీ కొట్టడం తేలికైంది. టర్నిటిన్ 1990ల చివర్లో బర్క్‌లీలో పుట్టింది. విద్యార్థి వ్యాసాన్ని ఇంటర్నెట్‌తో, అంతకుముందు వేరే విద్యార్థులు ఇచ్చిన వ్యాసాలతో పోల్చి ఎంత శాతం కలుస్తోందో చెబుతుంది. మన యూనివర్సిటీల్లో థీసిస్ సమర్పించే ప్రతి పరిశోధకుడికీ ఈ శాతం భయం తెలిసిందే. తమ వ్యాసాల్ని అనుమతి లేకుండా దాచుకుంటోందని కొందరు హైస్కూలు విద్యార్థులు కోర్టుకెక్కితే, 2009లో అప్పీలు కోర్టు కంపెనీ వైపే తీర్పు చెప్పింది. 2019లో ఆ కంపెనీ 175 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. చదివే టీచర్ల జీతాల దగ్గర పిసినారితనం చూపిన వ్యవస్థలోంచే పట్టుకునే యంత్రానికి ఇంత విలువ పుట్టింది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. రాసే యంత్రం అందరి చేతికీ అందింది. దానివెంటే దాన్ని పట్టుకుంటామనే యంత్రాలూ వచ్చాయి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక డిటెక్టరు విడుదల చేసి, కచ్చితత్వం తక్కువని ఆ జులైలోనే ఎత్తేసింది. టర్నిటిన్ తన డిటెక్టరులో తప్పుడు నిందలు ఒక శాతమే అంది. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ కూర్చుని లెక్కేసింది. 2022లో తాము టర్నిటిన్‌కు పంపిన వ్యాసాలు 75,000. అందులో ఒక శాతమంటే 750 వ్యాసాల మీద అన్యాయపు ముద్ర. 2023 ఆగస్టులో ఆ డిటెక్టరు వాడకాన్ని ఆపేసింది.

మన పిల్లలకు సంబంధించిన సంగతి ఇక్కడుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలిస్తే, సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనని తేల్చాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల దగ్గర దాదాపు పొరపాటు పడలేదు. కారణం తేలికే. తెలిసిన మాటలతో, నేర్చుకున్న పద్ధతిలో, సాఫీగా సాగే వాక్యాన్ని అవి యంత్రం రాతగా లెక్కగడతాయి. గుంటూరు నుంచో వరంగల్ నుంచో ఎంఎస్‌కు వెళ్లే కుర్రాడు జాగ్రత్తపడి, తప్పు దొర్లకూడదని రాసే ఇంగ్లిష్ సరిగ్గా అలాంటిదే. పరాయి దేశంలో, వీసా మీద ఉన్నవాడికి 'ఇది నువ్వు రాసింది కాదు' అనే ఆరోపణ ఎంత బరువో వేరే చెప్పనక్కర్లేదు. అతని చిత్తుప్రతులు మొదటి నుంచీ చూసిన టీచరుకు ఆ అనుమానమే రాదు. అతని వాక్యం ఎలా నడుస్తుందో, ఎక్కడ కుంటుతుందో ఆయనకు ముందే తెలుసు కనుక.

అమెరికాలో ఇప్పుడు కొందరు మళ్లీ నీలం అట్టల జవాబు పుస్తకాలిచ్చి తరగతిలోనే చేత్తో రాయిస్తున్నారు. కొందరు గూగుల్ డాక్స్‌లో వ్యాసం ఎలా పెరుగుతూ వచ్చిందో చూపించమంటున్నారు. విద్యార్థుల చేత వికీపీడియా వ్యాసాలు రాయించే టీచర్లూ ఉన్నారు. ముక్కూమొహం తెలియని పాఠకుడు వచ్చి 'దీనికి ఆధారమేది' అని అడుగుతాడు కాబట్టి రాసేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. నేను వీటిలో మొదటిదాన్ని ఒప్పుకోలేను. చేత్తో ఒక్క గంటలో రాయించడమంటే మన పరీక్ష హాలుకు తిరిగి రావడమే, తిరగరాసే అవకాశం తీసేయడమే. మిగతా రెండూ విద్యార్థికి పాఠకుణ్ని తెచ్చిపెడతాయి.

హెడ్‌ఫోన్ల ల్యాబు

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇంగ్లిష్ తరగతిలోకి కంప్యూటరు ఎప్పుడో వచ్చింది. జేఎన్‌టీయూ సిలబస్‌లో ఇంగ్లిష్ కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబు ఉంది. పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉచ్చారణ వింటారు, పలుకుతారు. ఇంకో గంటలో గ్రూప్ డిస్కషన్, రోల్ ప్లే. మాట్లాడటం నేర్పాలి కాబట్టి అది అవసరమే. వింతేమిటంటే అదే గదిలో, అవే కీబోర్డుల ముందు కూర్చున్న విద్యార్థి సొంతంగా ఒక పేజీ రాసి, ఇంకొకరి చేత చదివించుకుని, తిరగరాసే సందర్భం అరుదు. రాత వచ్చేసరికి రికార్డు పుస్తకం, అందులో సీనియర్ నుంచి దించిన పేజీలు.

తెలుగు విభాగాల్లోనూ ఇంతే. ఫోనులో రోజంతా తెలుగు టైపు చేసే పిల్లలున్నారు. 2003 నుంచి తెలుగు వికీపీడియా ఉంది. ఒక ఊరి చెరువు మీదో, ఒక చేతివృత్తి మీదో విద్యార్థి ఆధారాలతో వ్యాసం రాస్తే చదివి దిద్దేవాళ్లు అక్కడ సిద్ధంగా ఉన్నారు. దాన్ని సెమిస్టరు పనిగా ఇవ్వడానికి అడ్డేమీ లేదు.

లెక్క చూద్దాం. ఇంజనీరింగ్ సెక్షను 60 మంది. ఒక్కో చిత్తుప్రతికి ఇరవై నిమిషాలనుకుంటే, అందరివీ ఒక్కసారి చదవడానికే ఇరవై గంటలు. నాలుగు సెక్షన్లు చూసే లెక్చరరుకు ఇది సాధ్యమయ్యే పని కాదు, ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. కానీ ల్యాబ్ పీరియడ్లకు సెక్షన్‌ను బ్యాచ్‌లుగా విడదీసే పద్ధతి ఇప్పటికే ఉంది. కెమిస్ట్రీ ల్యాబులో ద్రావణం రంగు మారిందో లేదో పక్కన నిలబడి చూసే మనిషి ఉండాలని ఎవరూ వాదించాల్సిన పనిలేదు. రాయడానికీ అలాగే బ్యాచ్‌కు 20 మంది, వారానికి రెండు గంటలు, ఆ గంటల్ని టీచరు పనిభారంలో పూర్తిగా లెక్కించడం. గదిలో ఒకరి రాత ఒకరు తెరమీద చదివే ఏర్పాటు, మాస్టారు బల్లల మధ్య తిరుగుతూ రాస్తున్నప్పుడే అడిగే ప్రశ్నలు. చివర్లో మార్కు పడేది ఒక్క వ్యాసానికి కాదు, మూడు చిత్తుప్రతులకూ కలిపి. మెషీన్లు ఇప్పటికే ఉన్నాయి, కరెంటూ ఉంది. బోర్డ్ ఆఫ్ స్టడీస్ తదుపరి సమావేశంలో పెట్టాల్సిన ప్రతిపాదన ఇంతే.